ఇప్పపరక మనది, కొలత ఎవరిది?

కాగజ్‌నగర్ పేరే కాగితం వల్ల వచ్చింది. 1938లో, నిజాం కాలంలో, సిర్పూర్ పేపర్ మిల్స్ ఏర్పడింది. ఆ కాగితానికి ముడిసరుకు మన అడవుల వెదురు. వెదురు కొట్టి, మోపులు కట్టి, బండ్లకెత్తిన చేతుల్లో ఆదివాసుల చేతులు ఎన్నో ఉన్నాయి. వెదురు ముక్కల్ని కాస్టిక్ సోడా వంటి క్షారాలతో ఉడికిస్తే గుజ్జవుతుంది, ఆ గుజ్జు కాగితం అవుతుంది. అదే కాస్టిక్ సోడాను నూనెలో కలిపితే సబ్బు అవుతుంది. మన అడవిలో వెదురుతో పాటు నూనె గింజలూ ఉన్నాయి. అయినా మన ఊళ్లలో సబ్బు బిళ్ల అంటే అంగడిలో కొనుక్కొచ్చే వస్తువే తప్ప మనం తయారుచేసే వస్తువు కాలేదు.

ఎందుకు కాలేదు? మనవాళ్లకు ఒంటి సంరక్షణ తెలియక కాదు. ఏది ఎంత కలపాలి, కలిపింది సరిగా ఉందో లేదో ఎలా పరీక్షించాలి, దాని మీద ఏమని రాయాలి అనే మూడు పనులు మన చేతికి రాలేదు. ఈ మూడింటినీ కలిపి ఫార్మసీ చదువులో ఫార్ములేషన్ అంటారు. ఇప్ప గింజను ఆధారం చేసుకుని ఆ చరిత్రను మన యువతకు, తోటి ఉపాధ్యాయులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సబ్బు రాకముందు

సబ్బు రాకముందు జనం మురికిగా బతికారని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. తలకు కుంకుడు రసం, శీకాయ, కొన్నిచోట్ల మెత్తటి మట్టి వాడేవాళ్లు. బట్టలకు చౌడు మట్టి, బూడిద నీళ్లు ఉండేవి. చలికాలంలో పగిలిన కాళ్లకు, పసిపిల్లల ఒంటికి, జుట్టుకు ఇప్పనూనె రాసేవాళ్లు. ఎండాకాలం చివర రాలిన ఇప్పకాయల నుంచి పరక తీసి, ఎండబెట్టి, దంచి, ఆవిరి పట్టించి, బరువైన మొద్దుల మధ్య నొక్కి నూనె దించేవాళ్లు. చలికి నెయ్యిలా పేరుకునే ఆ నూనె కూరకూ పనికొచ్చేది, దేవుడి ముందు దీపానికీ పనికొచ్చేది.

అలంకరణ కూడా మనకు కొత్త కాదు. హోలీకి మోదుగు పూలు ఉడికించి రంగు తీస్తాం. దండారిలో గుస్సాడీలు ఒంటికి బూడిద పూసుకుంటారు. మన పెద్దమ్మల చేతుల మీది పచ్చబొట్లు చచ్చిన తర్వాత కూడా వెంట వచ్చే సొమ్మని చెప్పేవాళ్లు. నార్నూరు ఖాందేవ్ జాతరలో తొడసం వంశం ఆడపడుచు నువ్వుల నూనె తాగి మొక్కు తీరుస్తుంది. ఆ నూనెను ఇళ్లలోనే తీసి తెస్తారు. కల్తీ లేని నూనె అంటే ఏమిటో మన సమాజానికి తెలుసనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ అలవాట్ల వెనుక శాస్త్రం ఉంది. కుంకుడులో సపోనిన్ అనే పదార్థం ఉంటుంది. దాని అణువులో ఒక వైపు నూనెను పట్టుకుంటుంది, మరో వైపు నీటిని పట్టుకుంటుంది. అందుకే నురగ వస్తుంది, జిడ్డు వదులుతుంది. పదో తరగతి పుస్తకంలో సబ్బు గురించి, మిసెల్లీ గురించి చెప్పే పాఠం సారాంశం ఇదే. కుంకుడు రసం కొంచెం ఆమ్ల గుణం కలది. మన చర్మం కూడా అంతే, దాని పీహెచ్ సుమారు 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది. సబ్బు నీళ్ల పీహెచ్ మాత్రం 9, 10 దాకా పోతుంది. సబ్బుతో కడిగితే చర్మం బిగుసుకుపోయినట్టు అనిపించడానికి ఒక కారణం ఇదే.

అయితే అడవిలో దొరికేదంతా ఒంటికి మంచిదనీ మన పెద్దలు ఎప్పుడూ అనలేదు. నల్లజీడి రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. నూనె తీయగా మిగిలిన ఇప్పచెక్కను చెరువులో వేస్తే చేపలు తేలిపోతాయి. అందులోనూ సపోనిన్ ఉంది. కుంకుడులో తల శుభ్రం చేసే గుణమే ఇక్కడ చేప మొప్పలకు విషమైంది. ఏది, ఎంత, ఎక్కడ అనే తేడా తెలిసిన జ్ఞానం మనది. కానీ అది చేతి అంచనాగా, నోటి మాటగా ఉండిపోయింది.

పరక అంగడికి పోయిన దారి

1888లో ఇంగ్లండులో తయారైన సన్‌లైట్ సబ్బు కలకత్తా రేవులో దిగింది. ఆ తర్వాత ఇక్కడా సబ్బు కంపెనీలు వెలిశాయి. వాటికి నూనెలు కావాలి. ఖాదీ గ్రామోద్యోగ సంస్థలు కూడా వేప, కానుగ, ఇప్ప వంటి అడవి నూనెలతో సబ్బు చేయడాన్ని ప్రోత్సహించాయి. అట్లా ఇప్పపరక ఇంటి అవసరం నుంచి వ్యాపార సరుకుగా మారింది. మనం పరక అమ్మాం, అదే అంగడిలో సబ్బు కొన్నాం. పరక ధర చెప్పేది కొనేవాడు, సబ్బు ధర చెప్పేది అమ్మేవాడు. రెండు బేరాల్లోనూ మన మాట చెల్లలేదు.

మన ప్రాంతంలో ఈ బేరం ఎంత అన్యాయంగా ఉండేదో చరిత్రకు తెలుసు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను ఇక్కడి పరిస్థితులు చూడమని పంపింది. భూమి చేతులు మారడం, అప్పులు, వ్యాపారుల మోసం ఆయన రాతల్లో నమోదయ్యాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. రాయడం, చదవడం, లెక్క చూసుకోవడం వస్తే మోసం తగ్గుతుందని ఆనాటి ఆలోచన. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మనమందరం ఆ ఆలోచనకు వారసులమే.

1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, ఏర్పడింది. అడవి ఫలసాయాన్ని ప్రకటించిన ధరకు కొనడం, డీఆర్ డిపోల ద్వారా ఉప్పు, పప్పు, బట్ట సరసమైన ధరకు ఇవ్వడం దాని పని. 1979లో షెడ్యూల్డ్ ప్రాంతాల చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణకు ప్రత్యేక నిబంధన వచ్చింది. కాంటాకు ఒక పద్ధతి, ధరకు ఒక కాగితం వచ్చాయి. ఇది చిన్న మేలు కాదు. తర్వాత జీసీసీ సబ్బులు, శీకాయ పొడి వంటివి తయారుచేయడం కూడా మొదలుపెట్టింది. అయినా ఎక్కువ మంది ఆదివాసులు ఇప్పటికీ సేకరించేవాళ్లుగానే ఉన్నారు. కాంటా న్యాయంగా తూగితే పరకకు న్యాయమైన ధర వస్తుంది, అంతే. పరక సబ్బు అయ్యాక పెరిగే విలువ ఆ కాంటా మీదికి రాదు.

కొలత అంటే ఏమిటి

సబ్బు తయారీ చాలా పాత విద్య. బూడిద నీళ్లకు సున్నం చేర్చి ఘాటెక్కించి, కొవ్వుతో ఉడికించి సబ్బు చేసినవాళ్లు లోకమంతా ఉన్నారు. కానీ ఒక్కోసారి సబ్బు బాగా వచ్చేది, ఒక్కోసారి చర్మాన్ని కాల్చేది. కారణం 19వ శతాబ్దం మొదట్లో తెలిసింది. ఫ్రాన్సు శాస్త్రవేత్త షెవ్రూల్ 1823లో అచ్చయిన తన గ్రంథంలో నూనెలు, కొవ్వులు అంటే కొవ్వు ఆమ్లాలు, గ్లిజరిన్ కలిసిన పదార్థాలని వివరించాడు. క్షారం తగిలినప్పుడు ఆ ఆమ్లం క్షారంతో కలిసి సబ్బవుతుంది, గ్లిజరిన్ విడిపోతుంది. దీనినే సపోనిఫికేషన్ అంటున్నాం.

దీని నుంచి ఒక ముఖ్యమైన సంగతి తేలింది. ప్రతి నూనెకూ దానిదైన క్షారం కొలత ఉంది. ఇప్పనూనె ఒక గ్రాము సబ్బు కావడానికి సుమారు 190 మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ కావాలి. మనం వాడేది కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్. మొదటిదాని అణుభారం సుమారు 56, రెండోదానిది 40. కాబట్టి కిలో ఇప్పనూనెకు 190ని 40తో హెచ్చించి 56తో భాగిస్తే సుమారు 135 గ్రాముల కాస్టిక్ సోడా వస్తుంది. కొంచెం నూనె మిగిలితే చర్మానికి మంచిది కనుక నూటికి అయిదు వంతులు తగ్గించి సుమారు 128 గ్రాములు వేస్తారు.

కొబ్బరి నూనెకు ఈ లెక్క వేరు. కిలోకు సుమారు 183 గ్రాములు కావాలి. కొబ్బరి నూనె కొలతను ఎవరైనా చూసి వచ్చి ఇప్పనూనెకు వేశారనుకోండి. కిలోకు 48 గ్రాముల కాస్టిక్ సోడా ఎక్కువవుతుంది. అది సబ్బులో అలాగే మిగిలి చర్మాన్ని కాలుస్తుంది. నూనె మంచిదే, మనిషి మనసూ మంచిదే, కానీ కొలత తప్పితే వస్తువు హానికరం అవుతుంది. "మా అడవి సరుకు స్వచ్ఛమైనది" అని చెప్పుకుంటే చాలదు. నూనె కూడా ఏటా ఒకేలా ఉండదు. పాతబడిన, బూజుపట్టిన పరక నూనెలో విడి ఆమ్లాలు పెరుగుతాయి. అందుకే అసలు తయారీదారులు ప్రతి విడత నూనెనూ పరీక్షించాకే లెక్క కడతారు.

క్రీముల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. నూనె, నీరు తమంతట తాము కలవవు. రెండింటినీ పట్టి ఉంచే పదార్థం కావాలి. తేనెమైనం, నూనె, నీరు, కొద్దిగా బోరాక్స్ కలిపి చేసే కోల్డ్ క్రీము ఫార్మసీ విద్యార్థులు ప్రయోగశాలలో చేసే పాత పాఠం. నీరు చేరిన ప్రతి వస్తువులోనూ సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకని నిల్వ ఉంచే మందు సరైన మోతాదులో వేయాలి. ఎండకు విడిపోతుందా, చలికి గట్టిపడుతుందా, కొన్ని నెలలకు రంగు మారుతుందా అని చూడాలి. చర్మం మీద కొద్ది చోట రాసి దద్దుర్లు వస్తాయేమో గమనించాలి. అవ్వ అప్పటికప్పుడు నూరి రాసిన లేపనానికి ఈ పరీక్షలు అవసరం పడలేదు, ఎందుకంటే అది ఆ పూటకే. డబ్బాలో పెట్టి తెలియని మనిషికి అమ్మే రోజు వస్తే బాధ్యత మారుతుంది.

మైసూరు నేర్పే పాఠం

అడవి సరుకును అలాగే అమ్మకుండా ఇంటి దగ్గరే వస్తువుగా మార్చిన ఉదాహరణ మన పొరుగునే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు మైసూరు సంస్థానపు గంధపు చెక్క యూరప్‌కు పోవడం ఆగి, గుట్టలుగా నిలిచిపోయింది. నాల్గవ కృష్ణరాజ ఒడయార్ మహారాజు, దివాన్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య దానికి దారి వెతికారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని సడ్‌బరో, వాట్సన్ గంధపు తైలం తీసే పద్ధతిని స్థిరపరిచారు. 1916లో ప్రభుత్వ సబ్బు కర్మాగారానికి పునాది పడింది. సబ్బు విద్య నేర్చుకురమ్మని ఎస్.జి. శాస్త్రి అనే యువ రసాయన శాస్త్రవేత్తను ఇంగ్లండు పంపారు. ఆయన తిరిగొచ్చి పెంచిన మైసూర్ శాండల్ సబ్బు నూరేళ్లు దాటినా అమ్ముడవుతూనే ఉంది.

అక్కడ చెట్టు పాతదే, చెక్క పాతదే. కొత్తగా వచ్చింది ఒక ప్రయోగశాల, కొలత నేర్చుకొచ్చిన ఒక యువకుడు. అయితే ఒక తేడా మరువకూడదు. గంధపు చెట్టు మీద హక్కు రాజుది, లాభం సంస్థానానిది. మనకు ఇవాళ పరిస్థితి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం, సేకరించి అమ్ముకునే హక్కు మనవని చెప్పింది. 2012లో సవరించిన నియమాలు స్థానికంగా శుద్ధి చేయడం, విలువ పెంచడం, రవాణా చేయడం కూడా ఆ హక్కులో భాగమేనన్నాయి. మైసూరులో రాజుకు ఉన్న హక్కు, కాగితం మీదనైనా, ఇక్కడ గ్రామసభకు ఉంది. మనకు కొరవడింది ఆ ప్రయోగశాల, ఆ యువకుడు, ఆ యువతి.

చట్టం ఏమంటుంది

1940 నాటి ఔషధ చట్టంలో మొదట సౌందర్య సాధనాల ఊసు లేదు. 1962 సవరణతో అవి చేరాయి. అప్పుడు కూడా నిర్వచనంలో సబ్బును మినహాయించారు. 1982 సవరణతో ఆ మినహాయింపు పోయింది. 2020లో సౌందర్య సాధనాలకు విడిగా నియమాలు వచ్చాయి. అమ్మడానికి తయారుచేయాలంటే లైసెన్సు కావాలి. లేబుల్ మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, కలిపిన పదార్థాలు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో ఉండాలి.

ఇక్కడ మన యువత గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఒంటిని శుభ్రపరిచేది, అందాన్నిచ్చేది సౌందర్య సాధనం. "తామర తగ్గిస్తుంది", "కీళ్లనొప్పి పోగొడుతుంది" అని రాస్తే అదే నూనె మందుల కింద లెక్క అవుతుంది, దాని అనుమతులు వేరు. డబ్బా మీద రాసే ఒక్క మాట వస్తువు జాతినే మార్చేస్తుంది. చాలా ఏళ్లు అమలైన నియమాల్లో, తయారీని పర్యవేక్షించే మనిషికి పెట్టిన అర్హతల్లో ఫార్మసీ డిప్లొమాతో పాటు కెమిస్ట్రీతో ఇంటర్ పాసవడం కూడా ఉంది. దరఖాస్తు చేసేవాళ్లు ఇప్పటి నియమాన్ని చూసుకోవాలి గానీ, ఈ తలుపు మన పిల్లలకు అందనంత ఎత్తులో లేదని మాత్రం తెలుసుకోవాలి.

రాయని జ్ఞానానికి సాక్షి ఎవరు

1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం పసుపు గాయాలు మాన్పుతుందని పేటెంటు పొందింది. మన సీఎస్‌ఐఆర్ దాన్ని సవాలు చేసింది. ఈ సంగతి మాకు ఎప్పటినుంచో తెలుసని పాత గ్రంథాలు, పత్రికల్లో అచ్చయిన వ్యాసాలు చూపింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. పసుపు తరఫున రాత సాక్ష్యం చెప్పింది. రేపు ఇప్పనూనెతోనో, మోదుగు రంగుతోనో చేసే మన పద్ధతిని ఎవరైనా తమదంటే మన తరఫున ఏ కాగితం సాక్ష్యం చెబుతుంది? అవ్వ మాటకు ఆ కార్యాలయంలో విలువ ఉండదు.

కేరళలో కాణి ఆదివాసుల అనుభవం కూడా తెలుసుకోవాలి. వాళ్లు అలసట పోవడానికి తినే ఆరోగ్యపచ్చ అనే మొక్క నుంచి తిరువనంతపురంలోని వృక్షోద్యాన పరిశోధన సంస్థ జీవని అనే మందు తయారుచేసింది. 1990ల మధ్యలో దాన్ని ఒక ఆయుర్వేద కంపెనీకి ఇచ్చినప్పుడు పది లక్షల రూపాయల రుసుము, అమ్మకాల మీద రెండు శాతం రాయల్టీ నిర్ణయించారు. అందులో సగం కాణి సమాజానికి ఇవ్వాలనుకున్నారు. దానికోసం ఒక ట్రస్టు ఏర్పడింది. లోకమంతా మెచ్చుకుంది. అయినా కాణుల్లోనే కొందరు మమ్మల్ని అడగలేదన్నారు. జ్ఞానం సమాజానిదైనప్పుడు సమాజం మొత్తం కూర్చుని మాట్లాడుకోవాలి. తర్వాత వచ్చిన 2002 జీవవైవిధ్య చట్టం లాభంలో వాటా అనే సూత్రాన్ని చట్టంలో పెట్టింది. కానీ వాటా అడగాలంటే ముందు మనకేం తెలుసో మన దగ్గర రాసి ఉండాలి.

రాయడానికి మనకు లిపి లేదనే మాట కూడా చెల్లదు. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండి రాతప్రతులు ఆ మాటను పక్కకు నెట్టాయి. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. తెలుగులో రాద్దాం, గోండిలో రాద్దాం, కొలామీ మాటలను తెలుగు లిపిలో రాద్దాం. రాయకుండా మాత్రం ఉండొద్దు.

ఈ వేసవిలో మొదలుపెట్టగలిగింది

ఉపాధ్యాయులు పదో తరగతి సబ్బు పాఠం చెప్పేటప్పుడు ఇప్పనూనె లెక్కనే ఉదాహరణగా బోర్డు మీద వేయవచ్చు. కాస్టిక్ సోడాను పిల్లల చేతికి ఇవ్వకూడదు. పెద్దవాళ్లు చేసినా గ్లౌజులు, కళ్లద్దాలు ఉండాలి. సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, నీళ్లను సోడా మీద పోయకూడదు. అల్యూమినియం గిన్నె వాడకూడదు, సోడా దాన్ని తినేస్తుంది. కుంకుడు రసం, సబ్బు నీళ్లు, బూడిద నీళ్లకు పీహెచ్ కాగితం పెట్టి చూపించడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. బూడిద నీళ్లను మాత్రం చేతితో ముట్టనివ్వొద్దు.

పిల్లలు ఒక్కొక్కరు తమ ఇంట్లోని ఒక పెద్దమనిషిని అడిగి ఒక పేజీ రాయాలి. ఏ గింజ, ఏ నెలలో, ఎన్ని శేర్లకు ఎంత నూనె దిగింది, దేనికి వాడారు, దేనికి వాడొద్దన్నారు. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తప్పక ఉండాలి. ఆ పేజీలు బడిలోనో గ్రామసభ దగ్గరో భద్రంగా ఉండాలి. బయటివాళ్లకు ఏం ఇవ్వాలో, ఏం ఇవ్వకూడదో గ్రామసభే నిర్ణయించాలి.

బీఫార్మసీ, డీఫార్మసీ చదువుతున్న మన పిల్లలు ఉద్యోగం కోసం మందుల దుకాణం ఒక్కటే చూడొద్దు. కాస్మెటిక్ టెక్నాలజీ పాఠాన్ని పరీక్ష కోసం కాకుండా ఊరి కోసం చదవాలి. ఇప్పచెట్టు బంధువైన షియా చెట్టు గింజల వెన్నతో పశ్చిమ ఆఫ్రికా పల్లెల ఆడవాళ్లు ప్రపంచ క్రీముల బజారుకు సరుకిస్తున్నారు. అక్కడ కూడా గింజలు ఏరే చేతికి దక్కేది తక్కువేనన్న పోరాటం నడుస్తూనే ఉంది. కాబట్టి మన దారి గింజ ఎక్కువ ఏరడం కాదు.

మార్లవాయిలో మొదటి తరం ఉపాధ్యాయులు అక్షరం నేర్చుకుని ఊరికి తెచ్చారు. అప్పుపత్రంలో ఏముందో చదవగలిగిన రోజున సేటు ముందు మన మాట కొంత నిలబడింది. ఇప్పుడు చదవాల్సింది డబ్బా మీది లేబుల్, ఆ తర్వాత మనమే రాయాల్సిందీ అదే. ఆ లేబుల్ మీద తయారీ చిరునామా దగ్గర మన ఊరి పేరు ఉండాలంటే, నూనెను తూచే గ్రాముల కాంటా ముందు మన పిల్లల్లో ఎవరో ఒకరు నిలబడాలి. ఆ పిల్లను, ఆ పిల్లవాణ్ని గుర్తించి సైన్సు వైపు నడిపించడం బడిలో ఉన్న మన పని.